మా ట్రినిడాడ్ ఇంటావిడ

పోయిన నెలలో మా ఇంట్లో వాషింగ్ మెషీన్ చెడిపోయింది. పార్ట్ రావడానికి పది రోజులు పడుతుందని చెప్పి మెకానిక్ వెళ్ళిపోయాడు. ఒక్కదాని బట్టలే కదా, ఎన్నుంటాయిలే అనుకున్నాను గానీ నాలుగో రోజుకల్లా బుట్ట నిండిపోయింది. ఇంట్లో ఇప్పుడు నేనొక్కదాన్నే ఉంటున్నాను. మావారు రిటైరయ్యాక మనవడిని చూసుకోవడానికి ఫ్రిస్కోలో మా అమ్మాయి దగ్గరికి వెళ్ళారు. అందరిళ్ళలో అమ్మమ్మలు చేసే పని మా ఇంట్లో తాతయ్య చేస్తున్నాడని బంధువులు నవ్వుతారు. నాకింకా ఉద్యోగం ఉంది, ఆయనకింకా ఓపిక ఉంది, అంతే సంగతి. శనివారం పొద్దున బుట్ట కార్‌లో పెట్టుకుని హెర్న్‌డన్ పాత ఊళ్ళో ఉన్న కాయిన్ లాండ్రీకి వెళ్ళాను. తలుపు తొయ్యగానే వేడి నూలు గుడ్డల వాసన, సబ్బు వాసన, మూలన ఎవరో దుప్పటి ఇస్త్రీ చేస్తుంటే లేచిన ఆవిరి వాసన, అన్నీ కలిసి ముఖానికి తగిలాయి. బుట్ట కింద పెట్టి అక్కడి బెంచీ మీద కూర్చుండిపోయాను. ఆ వాసన పీల్చి పాతికేళ్ళు దాటిపోయింది. అది మా ఇంటావిడ వాసన.

అప్పటికి నాకు ఇరవై ఎనిమిదేళ్ళు. రెండు వేల సంవత్సరం రాగానే కంప్యూటర్లన్నీ ఆగిపోతాయని లోకమంతా భయపడిన రోజులు. ఆ భయం పుణ్యమా అని నాలాంటి వాళ్ళు చాలామంది హెచ్-వన్ వీసా మీద అమెరికా వచ్చి పడ్డాం. పెళ్ళయి ఏడాది కూడా కాలేదు. మావారికి దూరంగా ఇంకో రాష్ట్రంలో, ఇర్వింగ్‌లో ప్రాజెక్టు, నాకు వర్జీనియాలో ఈ హెర్న్‌డన్‌లో. నెలకోసారి ఆయన విమానంలో వచ్చేవారు, వచ్చిన రోజు నిద్రపోయేవారు, మర్నాడు వెళ్ళిపోయేవారు. మిగతా రోజుల్లో ఫోన్ కార్డు గీకి నంబరు కొడితే ఆయన గొంతు నూతిలోంచి వచ్చినట్టు వచ్చేది. ఆఫీస్ వాళ్ళందరూ హైవే పక్కన పెద్ద అపార్ట్‌మెంట్లలో ఉండేవాళ్ళు. నాకు డ్రైవింగ్ రాదు కాబట్టి బస్ స్టాపుకి నాలుగడుగుల దూరంలో ఒక పాత చెక్క ఇంటి బేస్‌మెంట్‌లో అద్దెకు చేరాను. ఇల్లు పాత రైలు దారి పక్కన ఉండేది. రైళ్ళు ఎప్పుడో ఆగిపోయాయి. పట్టాలు పీకేసి ఆ దారిని నడిచేవాళ్ళకీ సైకిళ్ళకీ వదిలేశారు. ముందు వరండా, వరండాలో రెండు ఊగుడు కుర్చీలు. పైన ఆవిడ, కింద నేను. ఒక్కదానికోసం సాంబారు కాస్తే ఐదు రోజులు వచ్చేది. ఐదో రోజుకి దాని ముఖం చూడబుద్ధయ్యేది కాదు, నా ముఖం దానికీ అంతే అయ్యుంటుంది.

ఇంటావిడకి డెబ్బై దాటాయి. నల్లగా, సన్నగా, గీత గీసినట్టు నిటారుగా ఉండేది. తెల్లటి జుట్టు ముడి. మా శ్రీకాకుళం వైపు ఏ పెద్దమ్మో గౌను తొడుక్కుని వచ్చి నిలబడ్డట్టుండేది. మొదటి రోజు నన్ను ఎగాదిగా చూసి "మద్రాసీవా?" అంది. నాకు చిర్రెత్తింది. హైదరాబాద్ దాటి ఎక్కడికి వెళ్ళినా ఈ మాటే. "కాదండీ, తెలుగు" అన్నాను. "నేను మద్రాసీనే" అంది ఆవిడ, అదేదో గొప్ప బిరుదైనట్టు. ఆవిడ పుట్టింది ట్రినిడాడ్ దీవిలో. ముత్తవ్వ ఎవరో మద్రాసు రేవులో ఓడెక్కి, చెరకు కొట్టడానికి అంత దూరం వెళ్ళిందట. అక్కడ దక్షిణాది నుంచి వచ్చిన వాళ్ళందరికీ మద్రాసీలనే పేరు. ఆ ముత్తవ్వ మాట్లాడిన భాష ఏదో ఆవిడకి తెలియదు. మూడు తరాలు జారి జారి ఆవిడ దాకా వచ్చినవి నాలుగే మాటలు: రా, పో, ఉప్పు, నీళ్ళు. "ఇవి ఏ భాషో చెప్పగలవా?" అని అడిగింది. చెప్పాను. ఆ సాయంత్రం మెట్ల మీద నుంచి కిందికి "రా!" అని కేక వినిపించింది. చేతిలో పని వదిలేసి మెట్లెక్కాను. ఆ ఊళ్ళో నన్ను అలా పిలిచేవాళ్ళు ఇంకెవరూ లేరు.

ఆవిడ ఇస్త్రీ చెయ్యని గుడ్డ లేదు. దిండు గలీబులు, గిన్నెలు తుడిచే గుడ్డలు, చివరికి బతిమాలి నా చున్నీలు కూడా పట్టుకెళ్ళేది. వంటింట్లో ఇస్త్రీ బల్ల ఎప్పుడూ తెరిచే ఉండేది, మనిళ్ళలో మంచం ఉన్నట్టు. నేను పక్కన ముక్కాలి పీట మీద కూర్చుంటే ఇంగ్లీషులో ఏవో కబుర్లు చెప్పేది. ఆవిడ ఇంగ్లీషు పాటలా ఎక్కుతూ దిగుతూ ఉండేది. సగం అర్థమయ్యేది, మిగతా సగానికి తల ఊపేదాన్ని. శనివారాల్లో ఆవిడ స్నేహితురాలు ఒకావిడ వచ్చేది. ఇద్దరిదీ ఒకే వయసు. ఈ ఊళ్ళోనే పుట్టి పెరిగిన నల్లజాతి ఆవిడ, భారీ మనిషి, కర్ర పట్టుకుని మెల్లిగా నడుచుకుంటూ వచ్చి ఊగుడు కుర్చీలో కూర్చునేది. ఇద్దరూ గంటల తరబడి ఒక్క మాట లేకుండా రోడ్డు చూస్తూ కూర్చునేవాళ్ళు. అంతంత మాత్రం మాటలకి ఇంత దూరం నడిచి రావడం దేనికా అని నాకు ఆశ్చర్యంగా ఉండేది.

నాకు తెలుగు వినబడేది కూడా శనివారాలే. ఆఫీస్‌లో నాకంటే పదేళ్ళు సీనియర్ ఒకాయన ఉండేవారు. నన్ను చెల్లెమ్మా అనేవారు, నేను అన్నయ్యా అనేదాన్ని. నా రెజ్యూమె మేనేజర్‌కి ఇచ్చింది ఆయనే. సోషల్ సెక్యూరిటీ ఆఫీస్‌కి తీసుకెళ్ళింది, మొదటి కోటు కొనిపించింది, అన్నీ ఆయనే. శనివారం మధ్యాహ్నం వదినా ఆయనా కార్‌లో వచ్చి నన్ను ఎక్కించుకుని ఎవరో ఒకరింటికి భోజనానికి తీసుకెళ్ళేవారు. ఆ నాలుగు గంటల కోసం నేను వారమంతా ఎదురుచూసేదాన్ని. ఆయన మంచివారు. ఈ మాట ముందే రాసి పెడుతున్నాను, ఎందుకంటే తరవాత చెప్పబోయేది చదివితే మీరు నమ్మరు.

అక్టోబర్‌లో ఒక శనివారం వాళ్ళు వచ్చేసరికి ఆ ఇద్దరు ముసలావిడలూ వరండాలో కూర్చుని ఉన్నారు. నేను చెప్పులు వేసుకుంటున్నాను. అన్నయ్య మెట్ల దగ్గర నిలబడి, నవ్వుతూనే, తెలుగులో అన్నారు. "ఏం చెల్లెమ్మా, వీళ్ళు కూడా వస్తూ పోతూ ఉంటారా ఇక్కడ? బేస్‌మెంట్ డోర్ లాక్ చేసుకుంటున్నావా లేదా? ఈ నల్లోళ్ళతో కొంచెం కేర్‌ఫుల్‌గా ఉండాలి. మీ ఓనర్ కూడా చూడ్డానికి అలాగే ఉంది కదా, నేను ఇద్దరూ వాళ్ళే అనుకున్నా."

"అబ్బ, ఊరుకోండి, వింటారు" అంది వదిన.

"వింటే ఏం? తెలుగు అర్థమవుతుందా ఏంటి వాళ్ళకి?"

నేను నవ్వాను. ఊరుకున్నా కొంత మేలుగా ఉండేదేమో. నవ్వాను. స్నేహితురాలు కర్ర మీద గడ్డం ఆనించి నా వైపు చూసి "ఏమంటున్నాడు?" అని అడిగింది.

"మీ పూలు బాగున్నాయంటున్నారు" అన్నాను.

ఆవిడ వరండాలో కుండీల వైపు చూసింది. అక్టోబర్ నెల. వాటిల్లో ఎండు పుల్లలు తప్ప ఏమీ లేవు. మా ఇంటావిడ కుండీల వైపు చూడలేదు. నన్నే చూసింది. నేను గబగబా వెళ్ళి కార్‌లో కూర్చున్నాను. ఆ రోజు భోజనంలో గుత్తివంకాయ కూర ఉంది. ఇండియా నుంచి వచ్చాక మొదటిసారి తినడం. రుచి మాత్రం ఎంత ఆలోచించినా గుర్తు రావడం లేదు.

మర్నాడు ఆదివారం, ఆవిడ చర్చి నుంచి వచ్చాక, పైనుంచి పిలుపు రాలేదు. నేనే మెట్లెక్కి వెళ్ళాను. ఆవిడ దుప్పటి ఇస్త్రీ చేస్తోంది. తలెత్తకుండానే "కూర్చో పిల్లా" అంది. "నిన్న అతనేమన్నాడో నాకు చెప్పొద్దు. పూలు బాగున్నాయని మాత్రం అనలేదు." ఇస్త్రీ పెట్టె దుప్పటి అంచు దాకా వెళ్ళి తిరిగొచ్చింది. తరవాత, నేనడగకుండానే, రెండో ప్రపంచ యుద్ధం రోజుల సంగతి ఎత్తింది. ఆ మధ్యాహ్నం నేను ఊరికే తల ఊపలేదు. అర్థం కాని ప్రతి మాటా మళ్ళీ అడిగి తెలుసుకున్నాను. అందుకే ఇప్పటికీ ఉన్నదున్నట్టు చెప్పగలను.

వాళ్ళది సముద్రం పక్క చిన్న పల్లె. అమెరికా వాళ్ళు దీవిలో సైనిక స్థావరం కట్టడానికి వచ్చినప్పుడు ఆ పల్లెను ఖాళీ చేయించారు. ఆవుల్ని తోలుకుని, వాకిట్లో మామిడి చెట్టును వదులుకుని, కొండకివతల ఇంకో చోటికి మారారు. ఆ అమెరికా వాళ్ళని చూసి దీవి దీవంతా నోరెళ్ళబెట్టింది. అప్పటిదాకా తెల్లవాడంటే గొడుగు కింద నిలబడి పని చేయించేవాడు. ఇంగ్లీషు దొరలు తమ టోపీ తామే మోసుకోవడం కూడా ఎవరూ చూడలేదు. వీళ్ళు చొక్కాలు విప్పేసి, చెమటలు కక్కుతూ, బుల్డోజర్లు తోలుతూ, మట్టిలో దిగి పని చేశారు. దొరలకి సిగ్గు ముంచుకొచ్చింది, జనానికి నవ్వొచ్చింది. చెరకు తోటలు వదిలి అందరూ స్థావరం పనులకి పరిగెత్తారు. ఆవిడ నాన్న కూడా రోడ్డు పనిలో చేరాడు. పిల్లలు చూయింగ్ గమ్ నమిలారు, పెద్దలు డబ్బా మాంసం తిన్నారు, పెళ్ళీడు ఆడపిల్లలు కాళ్ళకు మేజోళ్ళ కోసం ఏడ్చారు. "అమెరికాను నేను వెతుక్కుంటూ రాలేదు" అంది ఆవిడ. "అదే మా వాకిట్లోకి వచ్చి మా మామిడి చెట్టు కొట్టేసింది."

వాళ్ళమ్మ సైనికుల బట్టలు ఉతికే పని పట్టింది. అది మన కులాల్లో ఎవరి పనో అని నేను లోపల ఆలోచిస్తున్నట్టు ఎలా కనిపెట్టిందో, "మా కులమేదో మాకు తెలియదు. ఓడలోనే పారేశామని మా నాన్న అనేవాడు" అంది. తెల్ల సైనికుల బట్టలు ఒక జీపులో వచ్చేవి. నల్ల సైనికుల దళం వేరే ఉండేది. వాళ్ళ క్యాంటీన్ వేరు, సినిమా చూసే చోటు వేరు, వాళ్ళ బట్టలు ఇంకో ట్రక్కులో వచ్చేవి. మొదటి రోజే ఒక సార్జెంటు వచ్చి రెండు మూటలూ చూపించి "ఈ రెండూ ఒకే తొట్టిలో వెయ్యకూడదు, గుర్తుపెట్టుకో" అని చెప్పాడు. వాళ్ళమ్మ చక్కగా తల ఊపింది. తల ఊపి, అన్నీ ఒకే బానలో ఉడకబెట్టింది. వాళ్ళింట్లో ఉన్నది ఒకటే బాన మరి. సార్జెంటు ఉతికిన చొక్కా వాసన చూసి, ఇంత శుభ్రంగా ఎవరూ ఉతకలేదని మెచ్చుకున్నాడట. ఇది చెబుతూ ఆవిడ ఇస్త్రీ పెట్టె నిలబెట్టి మరీ నవ్వింది. ఆ మధ్యాహ్నం నవ్వింది ఆ ఒక్కసారే.

ఆ రెండో ట్రక్కు నడిపే సైనికుడికి ఇరవై రెండేళ్ళుంటాయి. ఈవిడకి పదహారు నిండాయి. అతనిది వర్జీనియాలో రైలు దారి పక్కన చిన్న ఊరు. తెల్లారకముందే వాళ్ళ నాన్న పాల క్యాన్లు బండి మీద స్టేషన్‌కి తోలుకెళ్ళేవాడనీ, ప్లాట్‌ఫారం మీద క్యాన్ల మూతలు గలగలలాడే చప్పుడుకి ఊరు లేచేదనీ చెప్పేవాడు. ఈవిడ అమ్మతో మాట్లాడేటప్పుడు టోపీ తీసేవాడు. యూనిఫాం వేసుకున్న మనిషి ఎవరైనా వాళ్ళమ్మ ముందు టోపీ తియ్యడం అదే మొదలు, అదే ఆఖరు. చెల్లెలి ఫోటో జేబులోంచి తీసి చూపించేవాడు. గుమ్మం ముందు మెట్టు మీద కూర్చుని మంచినీళ్ళు అడిగేవాడు. అతనికి నీళ్ళిచ్చే మగ్గు వేరు. గోడ బయట మేకుకి వేలాడుతుండేది. ఈవిడ నాన్న పెట్టిన ఏర్పాటు. "కులాన్ని సముద్రంలో పారేశాం గానీ, ఆ మగ్గు మాత్రం మేకుకే ఉండేది" అంది ఆవిడ. నేను తల వంచుకున్నాను. మా తాతగారింట్లో పెరటి గోడ మీద వేరేగా బోర్లించి ఉండే గ్లాసు ఒకటి నాకు తెలుసు.

ఒకరోజు ఇస్త్రీ చొక్కాలు స్థావరం గేటు దగ్గర అప్పజెప్పి నడిచి ఇంటికొస్తుంటే వాన పట్టుకుంది. ట్రక్కు పక్కన ఆగింది. ఆవిడ ఎక్కి ముందు సీట్లో అతని పక్కన కూర్చుంది. అతనేం మాట్లాడాడు అని అడిగాను. పాల క్యాన్ల గురించి మాట్లాడాడట. నాలుగు మైళ్ళు వచ్చాక మిలిటరీ పోలీసు జీపు అడ్డంగా ఆగింది. ఇద్దరు తెల్ల పోలీసులు. ఇద్దర్నీ కిందికి దించారు. పక్కన దుకాణం చూరు కింద వానకి నిలబడ్డ జనం చూస్తున్నారు. వాళ్ళలో ఎవరో పరిగెత్తి వెళ్ళి దగ్గర్లో రోడ్డు పనిలో ఉన్న నాన్నని పిలుచుకొచ్చారు. నాన్న వచ్చి కూతురి మణికట్టు పట్టుకున్నాడు.

"ఇతను నిన్ను బలవంతంగా ఎక్కించాడా?" అని పోలీసు అడిగాడు.

ఆవిడ మాట్లాడలేదు. కాదంటే నేనే ఎక్కానని అర్థం. నేనే ఎక్కానంటే ఆ చూరు కింద జనం ఏమనుకుంటారో, వెనక ఇద్దరు చెల్లెళ్ళున్నారు వాళ్ళ గతేమిటో, అన్నీ ఒక్కసారి తలకెక్కాయి. పోలీసు మళ్ళీ అడిగాడు. సైనికుడు ఒక్క మాట అన్నాడు. "చెప్పమ్మా, ఉన్నది చెప్పు." ఆవిడ బురదలోకి చూస్తూ నిలబడింది. మూడోసారి అడిగినప్పుడు నాన్న జవాబు చెప్పాడు. "అవును."

"నేను కాదనలేదు" అంది మా ఇంటావిడ. "నాన్న అవునన్నాడు, నేను కాదనలేదు. అంతే జరిగింది. దానికంటే ఏమీ జరగలేదు."

అతన్ని జీపులో తీసుకెళ్ళిపోయారు. కోపంగా చూశాడా అంటే లేదట, ఏదో లెక్క కుదరనట్టు చూశాడట. వారం తరవాత ఆ ట్రక్కులో ఇంకెవరో వచ్చారు. కొన్నాళ్ళకి ఆ దళాన్నే దీవి నుంచి పంపించేశారు. అమ్మ ఆ సంగతి ఎప్పుడూ ఎత్తలేదు. తరవాత ఈవిడకి సంబంధాలు వచ్చాయి. వచ్చిన ప్రతివాళ్ళకీ ఎవరో ఒకరు జీపు సంగతి చెప్పేవారు. వాళ్ళు మళ్ళీ రాలేదు. ఏ పరువు కోసం నాన్న ఆ మాట అన్నాడో అదీ మిగల్లేదు.

పదిహేనేళ్ళ తరవాత ఒక ఇంగ్లీషు కుటుంబం వాళ్ళ పిల్లల్ని చూసుకునే పని మీద వాషింగ్టన్ వచ్చింది. మొదటి సెలవు రోజున బయలుదేరి, వర్జీనియాలో బస్సు మారడానికి దిగితే, అక్కడ కూర్చోవడానికి రెండు గదులు, రెండు తలుపులు. తెల్లవాళ్ళకొకటి, నల్లవాళ్ళకొకటి. తను ఏ తలుపులోంచి వెళ్ళాలో ఎవరినీ అడగలేక, వానలో బయటే నిలబడింది. బస్సు డ్రైవర్ కూడా ఆవిడని చూసి తల గోక్కుని, నీ ఇష్టమొచ్చిన చోట కూర్చో అన్నాడట. ఈ ఊళ్ళో దిగి, పాల క్యాన్లు తోలే కుటుంబం ఏదని అడుగుతూ వెళ్ళింది. తలుపు తీసింది చెల్లెలు. ఫోటోలో ముఖమే. మా ఇంటావిడ తనెవరో చెప్పింది. ఆవిడ జాలీ తలుపు అవతల నుంచే "ఆ పిల్లవి నువ్వేనా?" అంది. ఆరు నెలలు జైల్లో పెట్టారనీ, నడవడి మంచిది కాదని మచ్చ వేసిన కాగితం చేతిలో పెట్టి సైన్యం నుంచి పంపేశారనీ, ఆ కాగితం చూసి చదువుకి గానీ పనికి గానీ ఎవరూ రానివ్వలేదనీ, ఉత్తరాన ఏదో కార్ల ఫ్యాక్టరీకి వెళ్ళి అక్కడే న్యుమోనియాతో పోయాడనీ చెప్పింది. పోయి రెండు చలికాలాలు అయ్యాయి. చెప్పడం అయ్యాక లోపలి తలుపు వేసేసింది.

"మీరు తిరిగి వెళ్ళిపోలేదా?" అన్నాను.

"ఎక్కడికి?" అంది.

ఆ ఇంగ్లీషు కుటుంబం వెళ్ళిపోయినా ఆవిడ ఇక్కడే ఉండిపోయింది. ఈ ఊళ్ళోనే ఆసుపత్రి దుప్పట్లు ఉతికే పనిలో చేరింది. ఆ చెల్లెలు వెళ్ళే చర్చికి ప్రతి ఆదివారం వెళ్ళి ఆఖరి వరసలో కూర్చునేది. పలకరింపు లేదు. అలా ఎన్నో ఏళ్ళు. ఒక చలికాలం ఆ చెల్లెలు మంచు మీద జారి కాలు విరగ్గొట్టుకుంది. ఈవిడ వెళ్ళి వరండాలో ఉన్న మాసిన బట్టల బుట్ట చెప్పకుండా తెచ్చుకుని, ఉతికి ఇస్త్రీ చేసి, మర్నాడు అక్కడే పెట్టి వచ్చింది. వద్దనీ అనలేదు, సరే అనీ అనలేదు. ఆ వారం, పై వారం, వసంతం దాకా అలాగే. చివరికి ఒకరోజు తలుపు తెరుచుకుంది. ఆ చెల్లెలు గడపలో నిలబడి ఈవిడతో అన్న మొదటి మాట, "ఆ దుప్పటికి గంజి ఎక్కువైంది."

నిన్న వరండాలో "ఏమంటున్నాడు?" అని నన్ను అడిగింది ఆవిడే.

"మీరు అతన్ని ప్రేమించారా?" అని అడిగాను. ఇరవై ఎనిమిదేళ్ళ వయసులో ఆ ప్రశ్న తప్ప ఇంకేం తోస్తుంది?

"ప్రేమో కాదో తేలడానికి కూడా కొంత సమయం పట్టాలి కదా పిల్లా" అంది ఆవిడ. "మాకు నాలుగు మైళ్ళే దొరికాయి." దుప్పటి నాలుగు మడతలు పెట్టి నా ఒళ్ళో ఉంచింది. అది నా దుప్పటే. నేను చూసుకోలేదు.

ఆ వారమంతా నాకు సరిగా నిద్ర లేదు. శనివారం పొద్దున, నాకు ఒంట్లో బాగాలేదని అన్నయ్యకి ఫోన్ చేసి చెప్పి, స్నేహితురాలి ఇంటికి నడుచుకుంటూ వెళ్ళాను. ఆవిడ వంటింట్లో చిక్కుడుకాయలు ఒలుస్తోంది. నిలబడే చెప్పాను. ఆయన అన్న మాట ఇంగ్లీషులోకి మార్చడం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది. ప్రతి ముక్కా మెత్తగా చెయ్యబోయి, ఆపి, ఉన్నదున్నట్టు చెప్పాను. నేను నవ్వానని కూడా చెప్పాను.

"తెలుసు" అంది ఆవిడ. "ఆ మాట ఏ భాషలో అన్నా ముఖం ఒకేలా పెడతారు. చిన్నప్పటి నుంచి చూస్తున్నాను." ఇంకో కాయ ఒలిచి గిన్నెలో వేసింది. "నువ్వు వారంలో వచ్చావు. తనకి పదిహేనేళ్ళు పట్టింది." మెచ్చుకోలేదు, క్షమించానని అనలేదు. కాలితో ఒక కుర్చీ నా వైపు తోసి, ఒలవమని సగం కాయలు నా ముందు పోసింది.

ఆ మధ్యాహ్నం అన్నయ్యకి ఫోన్ చేశాను. "అన్నయ్యా, మీరు ఆ రోజు అన్నది బాగాలేదు. నేను నవ్వాను, అది ఇంకా బాగాలేదు" అన్నాను. "అయ్యో, సరదాకి అన్నానమ్మా. నీ సేఫ్టీ కోసమే కదా" అన్నారు. "తెలుసండీ" అన్నాను. నిజంగానే తెలుసు. ఆయన నా మీద కోప్పడలేదు. ఆఫీస్‌లో కనిపిస్తే నవ్వేవారు. కానీ శనివారాల్లో కార్ రావడం ముందు తగ్గింది, తరవాత ఆగిపోయింది. "ఎవరింట్లోనూ పెట్టుకోలేదు ఈ వారం" అని వదిన రెండుసార్లు చెప్పింది, మూడోసారి చెప్పడం కూడా మానేసింది. నవంబర్‌లో ఐదింటికే చీకటి పడేది. తెలుగు మాట్లాడాలనిపిస్తే నాలో నేనే మాట్లాడుకునేదాన్ని. మావారితో ఫోన్‌లో ఈ సంగతంతా చెబితే, "నీకెందుకొచ్చిన గొడవ" అన్నారు. కార్డు అయిపోయి లైను తెగింది. మళ్ళీ చెయ్యలేదు.

ఆ చలికాలం శనివారాలన్నీ పై వాటాలోనే గడిచాయి. బయట చలి కాబట్టి ఊగుడు కుర్చీలు వంటింటి కిటికీ దగ్గరికి వచ్చాయి. ఒకరోజు పులిహోర చేసి పట్టుకెళ్ళాను. స్నేహితురాలు రెండు చెంచాలు తిని, అన్నాన్ని ఎవరైనా ఇలా పులుపు చేస్తారా అని అడిగి, మూడో చెంచా వేసుకుంది. ఇంటావిడకి ఇంకొన్ని మాటలు నేర్పబోయాను. ఆవిడ ఒద్దంది. నాలుగు చాలట. కొత్తవి కలిస్తే ఏవి ముత్తవ్వవో గుర్తుండదట. మేం ముగ్గురం కూర్చునేవాళ్ళం, ఎక్కువ మాటలుండేవి కావు. ఆ ఇద్దరూ రోడ్డు వైపు చూస్తూ ఊరికే ఎందుకు కూర్చుంటారో అని నేను మునుపటిలా ఆశ్చర్యపోలేదు.

వేసవిలో మావారికి ఇక్కడ ప్రాజెక్టు దొరికింది. అపార్ట్‌మెంట్‌కి మారాం, నేను డ్రైవింగ్ నేర్చుకున్నాను, అమ్మాయి పుట్టింది. కార్ వచ్చాక ఆ ఇంటికి దూరం పెరిగింది. వెళ్ళాలి వెళ్ళాలి అనుకుంటూనే నెలలు గడిచేవి. అమ్మాయిని ఒకసారి చూపించాను. ఆవిడ ఒళ్ళో పడుకోబెట్టుకుని "రా" అంది, ఎంతో శ్రద్ధగా, పరీక్షలో జవాబు చెబుతున్నట్టు. ఆ తరవాత మూడేళ్ళకి స్నేహితురాలు ముందు, ఎనిమిది నెలలకి మా ఇంటావిడ పోయారు. స్నేహితురాలి అంత్యక్రియలకి వెళ్ళాను. మా ఇంటావిడ ఆ రోజు ముందు వరసలో, కుటుంబం వాళ్ళ మధ్య కూర్చుంది. ఇంటావిడ పోయినప్పుడు మేము ఇండియాలో ఉన్నాం. తిరిగొచ్చేసరికి ఇంటి ముందు అమ్మకం బోర్డు ఉంది. ఇప్పుడక్కడ వరసగా టౌన్‌హోమ్‌లు వచ్చాయి. అందులో సగం మనవాళ్ళే ఉంటారు. గుమ్మాల ముందు ముగ్గు స్టిక్కర్లు కనిపిస్తాయి.

ఆ ఏడాదిని నా బతుకులో అన్నిటికంటే ఒంటరి ఏడాదిగా చాలాకాలం చెప్పుకున్నాను. మా అమ్మాయికి కూడా అలాగే చెప్పాను. ఇప్పుడు ఇంత ఇంట్లో సాయంత్రాలు టీవీ పెట్టుకుని, వినకుండా కూర్చుని ఆలోచిస్తే, పై నుంచి ఒక మనిషి నాకోసం కేకేసి పిలిచిన ఏడాది అదొక్కటేనేమో అనిపిస్తోంది. ఏ రోజులు ఒంటరివో ఏవి కావో గడుస్తున్నప్పుడు మనకి తెలియదు. కాలం ఆ సంగతి తీరిగ్గా, ఆ మనుషులెవరూ మిగలని వేళకి వచ్చి చెబుతుంది.